నిదానం మాస్టారి క్యాసెట్‌కి మావయ్య రిపేరు

మావయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. మీరు, అత్తయ్య, కొట్లో గడియారాలు అందరూ క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేనిది ఈ పొట్లంలో ఉన్న క్యాసెట్ ఒక్కటే.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "చేతిలో పనుంది" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. కాస్త ఓపిగ్గా చదవండి.

ఇది నిదానం మాస్టారి కచేరీ. ఆయనకి అసలు పేరు వేరే ఉందట కానీ, ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. గిటారు పట్టుకుని సముద్రం ఒడ్డున ఇసుకలో చతికిలబడి పాడేవారు. స్టూడియోలో పాడిన క్యాసెట్లయితే ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఇది మాత్రం ఒక సాయంత్రం ఒడ్డున జనం మధ్య పాడుతుంటే ఉన్నదున్నట్టు పట్టింది. కొన్నే వేశారు. అవి కూడా ఒకవైపే నింపి, రెండోవైపు ఖాళీగా వదిలేశారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా గుంపు దగ్గరున్నది ఇదొక్కటే. కాపీ తీయిద్దామని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నాం. నిదానం మాస్టారి అభిమానులం కదా, వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాం.

గుంపంటే మరేం కాదు. ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ మీది గదిలో చేరి ఈ క్యాసెట్ వింటాం. లాండ్రీ ఆయన, బస్సు డ్రైవరుగారు, రిటైరైన లెక్కల టీచరుగారు, మందుల షాపు బాబాయి, ఇంకా కొందరు. పంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసుకునే నేను. క్యాసెట్‌ని వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళి భద్రం చేస్తాం. ఈ నెల నా వంతు. ఒక్కదాన్నే ఒకసారి విందామని ఆశపడి నా డొక్కు ప్లేయర్లో పెట్టాను. అది నమిలేసింది. ఒకచోట రిబ్బను తెగింది కూడా.

ఎవరికీ చెప్పలేదు. నెలాఖరు ఆదివారానికి ఇది తిరిగి వెళ్ళకపోతే నేను తలెక్కడ పెట్టుకోవాలో తెలీదు. అందులోనూ మందుల షాపు బాబాయి ముందు. ఆయనకి ఈ క్యాసెట్ అంటే ప్రాణం.

మీ చేతిలో పెట్టాక చెప్పేదేముంది? మీకెలా తోస్తే అలా బాగుచేయండి.

ఇట్లు
మీ ఆలస్యం

తా.క.: మీరు పెట్టిన పేరు నిలబెట్టుకుంటూ, పోస్టాఫీసు మూసేశాక వెళ్ళాను. కాబట్టి ఇది ఒకరోజు వెనకబడి అందుతుంది.

* * *

చిరంజీవి ఆలస్యానికి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. డాక్టరు చెప్పిన తేదీ దాటేదాకా ఆగి పుట్టిన పిల్లవి, నీ పొట్లం వేళకి వస్తుందని నేనూ అనుకోలేదు.

తెగినచోట అతికాను. గడియారంలో వెంట్రుకంత తీగని అతికేవాడికి అదో పని కాదు. అతుకు నిలిచిందో లేదో చూద్దామని మొదటినుంచి విన్నాను. అమ్మాయ్, నీ క్యాసెట్‌కి తెగడం ఒక్కటే జబ్బు కాదు.

మొదలుపెట్టగానే పాట రాదు. ఆయన తీగలు బిగిస్తాడు. బిగించి, "ఇంకాస్త బిగించాలేమో" అని జనాన్ని అడుగుతాడు. ఎవరో మంచినీళ్ళిస్తే తాగి, నీళ్ళు బాగున్నాయంటాడు. రెండో పాటలో చరణం మర్చిపోతాడు. జనం తలో ముక్కా అందిస్తే, అన్నిటికీ "ఆఁ, అదే, అదే" అంటాడు. ఒకడు దగ్గుతాడు, ఒకడు తుమ్ముతాడు, కుక్క మొరుగుతుంది. ఈయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, కుక్క మొరగడం అయిపోయేదాకా ఆగుతాడు. నాలుగో పాట సగంలో ఎవడో "ఏమయ్యా, నా ఎడమ చెప్పు ఎవరు తొడుక్కుపోయారు?" అని గావుకేక పెడతాడు. దానికి ఎవరో ఆవిడ పకపకా నవ్వుతుంది. అరిచినవాడికి బుద్ధి లేదనుకుందాం, పాడేవాడికేమైంది? "అయ్యో పాపం, ఆయన చెప్పు వెతకండి" అని గిటారు పక్కన పెట్టేసి తనూ ఇసుకలో వెతకడం మొదలుపెడతాడు. ఆ పాట మిగతా సగం ఏమైందో ఎవరూ అడగలేదు.

నాకెలా తోస్తే అలా బాగుచేయమన్నావు. బాగుచేశాను. బ్లేడు పెట్టి, పాట కానిదంతా తీసేశాను. చప్పట్లు కూడా తీసేశాను, అలాంటి మనిషిని ప్రోత్సహించకూడదు. ఇప్పుడు పాట వెనక పాట గడియారంలా నడుస్తోంది. రెండు రోజుల్లో పంపుతాను.

ఇట్లు
మావయ్య

తా.క.: అమ్మడూ, అత్తయ్యని. పోస్టులో వేయమని నా చేతికిచ్చారు, అంటించే ముందు ఓ ముక్క రాస్తున్నాను. ఏం వింటున్నారో ఏమో, చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని "ఇక పాడవయ్యా, ఇక పాడవయ్యా" అని గోడని తిడుతున్నారు. అసలే ఇంట్లో కూడా తాళ్ళ బూట్లతో తిరిగే మనిషి. ఆ చిరాకులో వాటితోనే మంచమెక్కేశారు.

* * *

మావయ్యకి వేయి నమస్కారాలు. వెయ్యింటికీ కలిపి ఒకటే మనవి: బ్లేడు కింద పెట్టండి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మీరు జబ్బంటున్నదాని కోసమే మేం ఆ క్యాసెట్ దాచుకున్నాం మావయ్యా!

బస్సు డ్రైవరుగారు వారమంతా హారన్ల మధ్య, గడియారం చూసుకుంటూ బతికే మనిషి. "ఆయన తీగలు బిగిస్తున్నంతసేపూ ఒక్కడూ తొందరపెట్టడు చూశావా, అది విన్నా చాలు నాకు" అంటారు. లెక్కల టీచరుగారు జన్మలో తప్పు చేసి ఎరగరు. చరణం మర్చిపోయిన చోట మాత్రం జనంతో పాటు గొంతెత్తి తప్పు చరణం అందిస్తారు. మొహం చూడాలి అప్పుడు! చెప్పు కేక దగ్గరకొస్తే అందరం ఒక్కసారే అరుస్తాం. కింద లాండ్రీకి వచ్చినవాళ్ళు తమ చెప్పులు చూసుకుంటారు.

ఇక ఆ నవ్వు. అది మందుల షాపు బాబాయి భార్యది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఫోటోలున్నాయి కానీ, ఆవిడ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆయన ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి కిటికీ పక్కన కూర్చుంటారు. కేక అయ్యాక, నవ్వు రాబోయేముందు, గదిలో ఎవరూ కదలరు. నవ్వు విని, ఆయన లేచి షాపు తెరుచుకోడానికి వెళ్ళిపోతారు.

ఆ నవ్వు ఆయన సొత్తు మావయ్యా. నేను పోగొట్టాను. ఎలాగైనా ఆయనది ఆయనకి ఇవ్వాలి. నాకు ఏడుపొస్తోంది. నిజంగానే వస్తోంది.

ఇట్లు
మీ ఆలస్యం

తా.క.: కొట్టు ఊడ్చేశారా? ఊడ్వకపోతే ఊడ్వకండి. అత్తయ్యని కూడా చీపురు ముట్టుకోవద్దని చెప్పండి.

* * *

చిరంజీవి ఆలస్యానికి ఆశీస్సులు. కళ్ళు తుడుచుకో.

నా కొట్లో పారేయడమనేది లేదు. గడియారంలోంచి తీసిన పాత సామాను, అరిగిపోయిన పళ్ళచక్రమైనా సరే, పొట్లం కట్టి ఇచ్చేయడం మా నాన్న నాటినుంచీ ఉన్న పద్ధతి. కొత్తది వేశామని వచ్చినవాడికి నమ్మకం కుదరాలి కదా. నీ క్యాసెట్ ముక్కలన్నీ అలాగే దాచాను. ఎవరి సొత్తు వాళ్ళకి అందాలన్న నీ మాట నాకు నచ్చింది. కాబట్టి ఎవరివి వాళ్ళకి వేరువేరు పొట్లాలు కట్టి, పైన రాసి పంపుతున్నాను.

"నవ్వు, మందుల షాపు." "తప్పు చరణం, లెక్కల టీచరుగారు." "తీగలు బిగించుట, బస్సు డ్రైవరు." ఇది పెద్ద పొట్లం, పెట్టెలో అడుగున ఉంది. "తుమ్ము, యజమాని తెలియలేదు." దగ్గు కూడా అంతే. కుక్కని ఎవరూ అడగరనుకుంటాను, అయినా పెట్టాను.

చెప్పువాడి కేక ఎవరికివ్వాలో నాకు అర్థం కాలేదు. చెప్పు పోతే అంత రాద్ధాంతమా? నాకూ పెళ్ళయిన కొత్తలో ఒకటి పోయింది. నోరెత్తానా? పెద్దమనిషిలా నిశ్శబ్దంగా ఇంటికొచ్చాను. పెంపకం అలాంటిది.

పాటల క్యాసెట్ పైనే ఉంది. ఇక నీకు దిగులు లేదు.

ఇట్లు
మావయ్య

తా.క.: అమ్మడూ, ఈ పొట్లాలకి నా వంటింటి కాగితమంతా అయిపోయింది. "తుమ్ము" అని రాసున్న పొట్లం ముట్టుకున్నాక చేతులు కడుక్కున్నాను. ఎవరిదమ్మా అది?

* * *

మావయ్యకి నమస్కారాలు. క్షేమం సంగతి అడక్కండి.

పొట్లాలు అందాయి. పంటి డాక్టరుగారి హాస్పిటల్లో నా బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. నవ్వు జానెడు కూడా లేదు. కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. గోధుమరంగు రిబ్బను తప్ప ఏమీ కనబడలేదు. డాక్టరుగారు అటుగా వెళ్తూ "ఏమిటమ్మా అది?" అన్నారు. "ఒకావిడ నవ్వండీ" అన్నాను. ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టుకోమన్నారు.

మావయ్యా, పొట్లంలో ఉంటే నవ్వు నవ్వదు. దీన్ని తీసుకెళ్ళి బాబాయి చేతిలో పెట్టి నేనేమని చెప్పను?

అన్నీ తిరిగి పంపుతున్నాను. కుక్కతో సహా. దయచేసి ఎక్కడివక్కడ అతికేయండి. ఆదివారం దగ్గరకొచ్చేసింది.

ఇట్లు
మీ ఆలస్యం

తా.క.: నిదానమే ప్రధానమని మా గోడ మీద రాసుకున్నాం. ఈ ఒక్కసారికి దాన్ని పట్టించుకోకండి.

* * *

చిరంజీవి ఆలస్యానికి ఆశీస్సులు.

బాగుచేసి నడుస్తున్న గడియారంలో మళ్ళీ తుప్పు పట్టిన మరలు బిగించమంటే నా చెయ్యి ఆడదు. పాటల క్యాసెట్ జోలికి పోలేదు. ముక్కలన్నిటినీ కలిపి ఇంకో డబ్బాలో అతికి, రెండూ పంపుతున్నాను.

ఏ ముక్క ఎక్కడిదో ఇప్పుడెవరికి గుర్తు? నా మరల డబ్బాల పద్ధతిలో చిన్నవి ముందు, పెద్దవి వెనక పెట్టాను. మొదట తుమ్ము, తర్వాత దగ్గు, దాని వెనక నవ్వు, అలా పెరుగుతూ పోయి చివర తీగలు బిగించడం. వెతుక్కోడానికి సులువు.

అతుకులు నిలిచాయో లేదో అని ఒకసారి విన్నాను. మళ్ళీ ఒకసారి విన్నాను. పరీక్షించడం నా విధి.

ఇట్లు
మావయ్య

తా.క.: అమ్మడూ, పొద్దున్నుంచీ పరీక్షిస్తూనే ఉన్నారు. కొట్టు ఆలస్యంగా తెరిచారు. ఈ ఇంటికొచ్చాక ఇది మొదటిసారి చూడటం. పక్క కొట్టు రేడియో మెకానిక్‌ని పట్టుకుని తనకోసం ఒక కాపీ కూడా తీయించుకున్నారు. నేను చెప్పానని అనకు.

* * *

మావయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

ఆదివారం అయిపోయింది. నేనింకా బతికే ఉన్నాను.

గదిలోకి వెళ్ళగానే జరిగిందంతా చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు, అదే భరించలేకపోయాను. ముందు పాటల క్యాసెట్ పెట్టాం. పాట వెనక పాట తరుముకొచ్చింది. డ్రైవరుగారు "ఈయనేమైనా బండి అందుకోవాలా?" అన్నారు. టీచరుగారు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. మా డాక్టరుగారి హాస్పిటల్లో పన్ను పీకించుకోడానికి వరసలో కూర్చున్నవాళ్ళ మొహాలు కూడా అంతకంటే కళగా ఉంటాయి.

తర్వాత ముక్కల క్యాసెట్ పెట్టాం. తుమ్ము వినబడింది. లాండ్రీ ఆయన చప్పున ప్లేయర్ ఆపి, "ఇది మూడో పాట ముందరిది కదూ!" అని ఆ పాట అందుకున్నారు. అందరం కలిశాం. కుక్క మొరిగింది, దాని పక్క పాట పాడేశాం. మావయ్యా, పాటలు మాకందరికీ నోటికొచ్చు. స్టూడియో క్యాసెట్లు పాటల్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తాయి. మాకు రానిదీ, ఎక్కడా దొరకనిదీ ఆ పాటల మధ్యనున్నదే. ఏళ్ళ తరబడి వింటున్నా ఆ మాట మొన్ననే తెలిసింది. మీ పుణ్యమే! చీకటి పడి లైట్లు వేసేదాకా పాడుతూనే ఉన్నాం. మీ పాటల క్యాసెట్ తిరిగి పంపుతున్నాను, మీరే ఉంచుకోండి. వేళ ప్రకారం నడిచేవి మీకిష్టం కదా.

ఒక్క బాబాయి సంగతే బాధ. నవ్వు వచ్చింది, కానీ దగ్గు వెనక వచ్చింది. ఆయన మళ్ళీ పెట్టమన్నారు. విన్నారు. "నవ్వింది మా ఆవిడే. ఎందుకు నవ్విందో అదే పోయింది. ఎవరో దగ్గితే నవ్వే మనిషి కాదమ్మా తను" అన్నారు. కేక వేరే చోట వచ్చింది కానీ, ఎవరమూ అరవలేకపోయాం.

అప్పుడు ఆయన ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. ఆ రోజు జనమంతా వెళ్ళిపోయాక ఆ చెప్పు ఆవిడకే దొరికిందట. "పోగొట్టుకున్నాయన ఎప్పుడో మందులకైనా మన షాపుకి రాడా, ఇచ్చేద్దాం" అని పై అరలో పెట్టిందట. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన దుమ్ము దులుపుతూ ఉంటారు. ఆ మనిషి కనబడితే చెప్పు ఇచ్చి, తన భార్యని అంత నవ్వించినందుకు చెయ్యి పట్టుకోవాలని ఉందట. మీరు ఆ కేకని ఎన్నోసార్లు పరీక్షించారు కదా, ఎవరై ఉంటాడో ఏమైనా తోచిందా?

ఇట్లు
మీ ఆలస్యం

తా.క.: చివరి ముక్కలో తీగలు బిగిస్తుంటే డ్రైవరుగారు కుర్చీలోనే నిద్రపోయారు. ఎవరం లేపలేదు.

* * *

చిరంజీవి ఆలస్యానికి ఆశీస్సులు.

పాటల క్యాసెట్ అందింది. నీ గుంపుకి నచ్చనంత మాత్రాన దానికి వచ్చిన లోటేమీ లేదు.

చెప్పువాడిని వెతకడం దండగ. కేకని బట్టి చెప్పగలిగింది చెప్తాను. గొంతు పీల. ఓర్పు సున్నా. నలుగురిలో ఎలా మసలాలో తెలియని మనిషి. ఈపాటికి ఏ బస్సులో ఎవరితో పోట్లాడుతున్నాడో. అలాంటివాడి చెయ్యి పట్టుకుని ఆ పెద్దమనిషి చేసేదేముంది? ఆయన్ని మర్చిపొమ్మని నా మాటగా చెప్పు.

ఇట్లు
మావయ్య

తా.క.: అమ్మడూ, ఈ ఉత్తరం అంటించకుండా ఆపాను. మీ మావయ్య చెవి వైర్లు పాడై, ఇవాళ ఆ ముక్కల క్యాసెట్ కాపీని బయటికి వినబడేలా పెట్టుకుని విన్నారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నాను. "ఏమయ్యా, నా ఎడమ చెప్పు ఎవరు తొడుక్కుపోయారు?" అని కేక వినబడింది. "వస్తున్నానండీ, అరవకండి, మంచం కింద చూడండి" అంటూ, ఈయనకి చెప్పులే లేవన్న సంగతి మర్చిపోయి పరిగెత్తుకొచ్చాను. వచ్చి చూస్తే ఈయన నోరు మూసుకుని కుర్చీలో ఉన్నారు. అరిచింది పెట్టె.

కాపురానికొచ్చిన కొత్తలో సముద్రం చూపించమని నేనే లాక్కెళ్ళాను. ఇసుకలో ఎవరో గిటారు తీగలు బిగిస్తుంటే, విని పోదామని కూర్చోబెట్టాను. కూర్చున్నంతసేపూ గడియారం చూసుకున్నారు. పాట సగంలో లేచి, చెప్పు కనబడక ఆ కేక పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఒంటి చెప్పుతో విసవిసా ఇంటికి నడిపించారు. నిశ్శబ్దంగానట! దారి పొడుగునా తిడుతూనే ఉన్నారు. వెనక ఎవరో ఆవిడ నవ్వడం నాకూ వినబడింది. నాకూ నవ్వొచ్చింది కానీ, కొత్త కాపురం, దిగమింగుకున్నాను. తాళ్ళ బూట్లు అప్పటినుంచే. ఇదంతా చెప్తే "నా గొంతు అంత పీలగా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందన్నాను.

మళ్ళీ తా.క.: మీ అత్తయ్య రాసింది చదివాను. కొట్టేద్దామనుకున్నాను, ఆ మందుల షాపాయన అన్న మాట గుర్తొచ్చి చెయ్యి రాలేదు. కుడి చెప్పు మా అటక మీద డబ్బాలో ఉంది. పనికొచ్చే సామాను పారేసే అలవాటు నాకు లేదు. వచ్చే ఆదివారం తీసుకొస్తున్నాను. బ్లేడు, అతికే టేపు కూడా తెస్తున్నాను. ఆ నవ్వుని పొడుగు చూసి పెట్టడం నా పొరపాటు, దాని చోటు కేక వెనక. నా చేత్తోనే అక్కడ అతుకుతాను. ఆయన సరేనంటే, ముందు ఒకసారి ఆయన ఎదురుగా నేనే అరుస్తాను. వాళ్ళావిడ ఎందుకు నవ్విందో ఆయనకి మళ్ళీ తెలియాలి. మీ అత్తయ్య ఈసారి తనూ నవ్వుతానంటోంది. నవ్వనీ.